కొత్త బీరువాకు ఇండెంటు పెట్టేముందు
(చేవెళ్లలో జరిగిన మన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను గుమాస్తాగా ఉన్న రోజుల్లో, రికార్డు రూములో చోటు లేదని కొత్త బీరువాకు ఇండెంటు పెట్టబోతే సూపరింటెండెంటుగారు ఒకటే అడిగేవారు: "గడువు తీరిన ఎల్.డిస్. కట్టలు తీసేశారా?" ఏడాది ఉంచి తొలగించవలసిన ఆ కాగితాలు తీసేస్తే చాలావరకు చోటు దొరికేది. ఇంటర్నెట్టుకూ ఇదే పద్ధతి వర్తిస్తుందని నా మనవి.

గత నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఫోనులోనే ఇద్దామని కూర్చున్నాను. ముఖం చూపించాను. చక్రం తిరుగుతూనే ఉన్నది. మూడు రోజులు ఇదే తంతు. అది చేరకపోతే పెన్షను ఆగుతుందని మీకు తెలియనిది కాదు. ఎక్కువ వేగం కనెక్షను పెట్టిద్దామన్నాను. "తాతయ్యా, ముందు ఇంట్లో ఏమేం నడుస్తున్నాయో చూద్దాం" అన్నది మా మనవరాలు. ఎవరూ చూడని టీవీలో వీడియోలు ఒకదాని వెంట ఒకటి వస్తున్నవి. రెండు ఫోన్లలో యాప్‌లు అప్‌డేట్ అవుతున్నవి. నా ఫోనులో శుభోదయం బొమ్మలు దిగుతున్నవి. అన్నీ ఆపాము. సర్టిఫికెట్ వెళ్లిపోయింది.

లెక్క చూడండి. 200 మంది ఉన్న గ్రూపులో తలా ఒక బొమ్మ పెడితే ఒక్కొక్క ఫోనుకు 199 చేరతాయి. మొత్తం 39,800. అదీ ఒక్క పూటకు! నేనూ రోజూ పంపినవాణ్ణే. వీడియో భారం ఇంకా ఎక్కువ. నెట్‌ఫ్లిక్స్ వారి లెక్కలో మామూలు నాణ్యతకు గంటకు 1 జీబీ వరకు, హెచ్‌డీకి 3 జీబీ వరకు అవుతుంది.

ఇది కొత్త మాట కాదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి అందరూ ఇళ్లలో కూర్చున్నప్పుడు, పెద్ద వీడియో సంస్థలు మన దేశంలో మొబైల్ నెట్‌వర్కులపై నాణ్యతను కొన్ని వారాలపాటు 480పీకి తగ్గించాయి. రాత్రికి రాత్రి టవర్లు లేవవు గదా! అదే ఏప్రిల్‌లో, చేతులు మారి మారి వచ్చిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపేలా వాట్సాప్ పరిమితి పెట్టింది. అటువంటివి 70 శాతం తగ్గాయని ఆ సంస్థే చెప్పింది.

కాబట్టి నా సూచనలు: శుభాకాంక్షలు బొమ్మలో కాక మాటల్లో పంపుదాం. ఫోటోలు, వీడియోలు వాటంతటవే దిగే ఏర్పాటు ఆపుదాం. సంఘం సర్క్యులరును ఒక్కరే పెట్టాలి. చిన్న తెరపై హెచ్‌డీ మానుదాం. అప్‌డేట్లు రాత్రిపూట పెట్టుకుందాం.

టవరు ఊరందరిదీ. మన వృథా పక్కింటి పిల్లవాడి పాఠానికి అడ్డం. ఇంత చేసినా చాలని గ్రామాలకు కొత్త లైను కావలసిందే. అప్పుడు అర్జీ మొదటి సంతకం నాదే. కానీ ముందు ఎల్.డిస్. కట్టలు తీసివేద్దాం.