మాటర్‌హార్న్ మీద మూడు తాళ్ళు

(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఆర్. బకాయిల సంగతి కార్యదర్శిగారు సవివరంగా చెప్పారు కనుక నేను దాని జోలికి పోను. మంచుకొండల గురించి మాట్లాడతానంటే కొందరు మిత్రులు నవ్వారు. నిజమే, నేను ఎక్కిన ఎత్తల్లా తిరుమల మెట్లే. అయితే మా మనవడు భువనగిరి గుట్ట మీద తాడు కట్టుకుని ఎక్కడం నేర్చాడు. ఇప్పుడు హిమాలయాల్లో శిక్షణకు పోతానంటున్నాడు. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన పూర్ణ, ఆనంద్ కుమార్ కూడా ఆ గుట్ట మీద నేర్చినవాళ్ళేనని వాడి వాదన. మా కోడలికి భయం. "మామయ్యగారు సరేనంటేనే" అంది. గుమాస్తాగా బతికినవాణ్ణి, పాత రికార్డు చూడకుండా సరే అనలేను గదా. చదివినవాటిలో నన్ను పట్టుకు వదలనిది 1865 నాటి మాటర్‌హార్న్ వ్యవహారం.

ఆ శిఖరం స్విట్జర్లాండు, ఇటలీ సరిహద్దులో ఉంది. ఎత్తు 4,478 మీటర్లు. జెర్మాట్ ఊళ్ళో నిలబడి చూస్తే దాని తూర్పు ముఖం నిట్టనిలువు గోడలా ఉంటుంది. అందుకని చాలామంది ఇటలీ వైపు నుంచే ప్రయత్నించేవారు. ఎడ్వర్డ్ వింపర్ అనే ఇంగ్లీషు యువకుడు, పుస్తకాలకు చెక్క దిమ్మెల మీద బొమ్మలు చెక్కే వృత్తివాడు, తానూ 1861 నుంచి అటు నుంచే పలుమార్లు పోయి వెనక్కి వచ్చాడు. చివరికి అతనికి రెండు సంగతులు తట్టాయి. ఆ తూర్పు ముఖం మీద ఎండాకాలంలో కూడా మంచు నిలిచి ఉంటున్నది. నిట్టనిలువు గోడ మీద మంచు నిలుస్తుందా? పక్కకు పోయి చూస్తే వాలు 40 డిగ్రీలకు మించి లేదని తేలింది. రెండోది రాతి పొరల వాలు. ఇటలీ వైపు రాళ్ళు మన పెంకుటింటి కప్పులాగా బయటికి జారి ఉన్నాయి, కాలు నిలవదు. ఇటు వైపు అవే పొరలు లోపలికి వంగి మెట్లలాగా ఉన్నాయి. కళ్ళకు భయంకరంగా కనిపించేదే సులువైన దారి అన్నమాట. దాన్నే ఇప్పుడు హోర్న్‌లీ గట్టు దారి అంటారు. ఈ ముక్క చదివి నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. బొమ్మలు చెక్కేవాడు గనుక చూడగలిగాడేమో!

దారి ఇంత శ్రద్ధగా వెతికినవాడు మనుషులను మాత్రం ఒక్క సాయంత్రంలో కూడగట్టాడు. జెర్మాట్ హోటల్లో రెండు జట్లు ఒకటయ్యాయి. వారిలో హాడో అనే 19 ఏళ్ళ కుర్రవాడి అనుభవం ఏమిటని వింపర్ అడిగితే, మాంట్ బ్లాంక్‌ను చాలామంది కన్నా తక్కువ సమయంలో ఎక్కాడని హడ్సన్ పాదిరీగారు సిఫారసు చేశారు. మనం ఎన్ని కాన్ఫిడెన్షియల్ రిపోర్టులు చూడలేదు! చెప్పింది మంచి మాటే గాని అడిగినదానికి జవాబు కాదు. మాంట్ బ్లాంక్ ఎక్కువగా మంచు మీద నడక. ఇక్కడ శిఖరం దగ్గర రాళ్ళ సందుల్లో మంచు, పైన పలచని ఐసు పొర.

ఇక సామాను. మూడు రకాల తాళ్ళు పట్టుకెళ్ళారు: 200 అడుగుల మనిలా తాడు, 150 అడుగుల ఇంకొంచెం లావుపాటిది, 200 అడుగులకు పైగా పాతకాలపు సన్నతాడు. ఈ మూడోది మనుషులు కట్టుకోవడానికి కాదు, అవసరమైతే రాళ్ళకు కట్టి వదిలేయడానికి.

జులై 14 మధ్యాహ్నం 1.40కి శిఖరం చేరారు. గంటసేపు ఉన్నారు. దిగేముందు, కష్టమైన చోట రాళ్ళకు తాడు కడదామని వింపర్ అన్నాడు. హడ్సన్ బాగుందన్నారు. అంతే, అక్కడితో ఆగింది. మన భాషలో సూత్రప్రాయంగా ఆమోదం లభించింది గాని ఉత్తర్వు వెలువడలేదు. ఇంతలో సీసాలో పేర్లు పెట్టలేదని ఎవరికో గుర్తొచ్చింది. వింపర్ పేర్లు రాస్తుంటే మిగతావాళ్ళు ముందుకు కదిలారు.

దిగుతున్నప్పుడు ముందు మిషెల్ క్రో అనే గైడు, అతని వెనుక హాడో, తరువాత హడ్సన్, లార్డ్ డగ్లస్, ఆపైన పెద్ద టౌగ్‌వాల్డర్, వింపర్, టౌగ్‌వాల్డర్ కొడుకు. క్రో తన గొడ్డలి పక్కన పెట్టి, హాడో పాదాలను ఒక్కొక్కటే పట్టుకుని రాతి మీద పెడుతున్నాడు. హాడో జారి అతని మీద పడ్డాడు. ఆ లాగుడుకు హడ్సన్, డగ్లస్ కూడా పోయారు. పైనున్నవాళ్ళు బిగించి పట్టారు. డగ్లస్‌కు, టౌగ్‌వాల్డర్‌కు మధ్య తాడు తెగింది. నలుగురూ దాదాపు 4,000 అడుగులు కిందికి, హిమానీనదం మీదికి పడిపోయారు. తరువాత వింపర్ తెగిన కొస చూస్తే అది ఆ మూడో తాడు. మంచి తాడు సంచుల్లో ఉండగానే!

మా మనవణ్ణి కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. "తాతయ్యా, ఇప్పుడవి నార తాళ్ళు కావు, నైలాన్‌వి. పడితే సాగి ఆ ఊపును మింగుతాయి. నడుముకు తాడు చుట్టుకోం, నడుముకూ తొడలకూ పట్టీలుంటాయి. బూట్ల కింద క్రాంపాన్లు" అన్నాడు. క్రాంపాన్లంటే ఇనుప ముళ్ళ పట్టీలు. సరే నాయనా, కట్టిన ముడి ఎవరు చూస్తారు, నీ జట్టులో కొత్తవాడి పక్కన ఎవరుంటారు, ఆకాశం మారితే దిగిపొమ్మనే అధికారం ఎవరిది అని అడిగాను. రెండింటికి చెప్పాడు. మూడోది శిక్షణ ఇచ్చేవాళ్ళను అడిగి, జవాబు కాగితం మీద తెచ్చాడు. అప్పుడే సరేనన్నాను. మా కోడలు ఇంకా నాతో ముభావంగానే ఉంది.

జెర్మాట్‌లో విచారణ జరిగింది. పెద్ద టౌగ్‌వాల్డర్ తాడు కోశాడని పుకారు పుట్టింది. కోయలేదని వింపరే చెప్పాడు, విచారణాధికారులూ అతణ్ణి వదిలేశారు. కాని బలహీనమైన తాడు ఎందుకు కట్టావన్న ప్రశ్న మాత్రం వింపర్ వదల్లేదు. అతను రాసిచ్చిన ప్రశ్నలకు సమాధానాల నకలు ఇస్తామన్నారట, ఎన్నడూ అందలేదు. 1871లో అచ్చయిన తన పుస్తకంలో ఆ సంగతి రాసుకున్నాడు. నకళ్ళ కోసం తిరిగినవాళ్ళు ఈ సభలో చాలామందే ఉన్నారు. టౌగ్‌వాల్డర్ మీది అనుమానం ఆ ముసలాయన పోయేదాకా పోలేదు.

ముగ్గురి శవాలు దొరికాయి. డగ్లస్‌ది దొరకనే లేదు. తెగిన తాడు ముక్క జెర్మాట్ మ్యూజియంలో ఉంది. ఫొటోలో చూశాను, మనం బట్టలారేసుకునే తాడులా ఉంది.

మెడికల్ రీయింబర్స్‌మెంట్ గురించి మాట్లాడవలసిన మిత్రులు వేచి ఉన్నారు.