సింగపూరులో పుట్టిన కెమెరా
(మహాసభల్లో చేసిన ప్రసంగానికి పాఠం)



ఇదే వేదిక మీద పొద్దుటి నుంచి కవులు, గాయకులు, డాక్టర్లు, వ్యాపారంలో పేరు తెచ్చుకున్నవాళ్ళు మాట్లాడారు. నేను ఆ కోవలోకి రాను. వారంలో ఐదు రోజులు కంప్యూటర్లతో పొట్టపోసుకుంటాను. ఆదివారం మాత్రం డైనింగ్ టేబుల్ మీద పాత దుప్పటి పరిచి, కెమెరాలు విప్పుతూ కూర్చుంటాను. ఫోటోలు తీయడంతో మొదలైన సరదా ఇది. ఫోటోలు తీసే కెమెరా మొరాయిస్తే బాగుచేసేవాడు దొరక్క, నేనే స్క్రూడ్రైవర్ పట్టాల్సి వచ్చింది. ఇరవై ఏళ్ళయింది, ఇంకా కింద పెట్టలేదు. భోజనాలకు ముందు ఆఖరి ప్రసంగం నాదే కనుక క్లుప్తంగానే చెబుతాను.

మీలో చాలామంది సింగపూరు మీదుగా ఇండియాకి వెళ్ళే ఉంటారు. ఒకప్పుడు మన వాళ్ళు అక్కడ దిగితే ముస్తఫాలో బంగారం, సిమ్ లిమ్ స్క్వేర్‌లో టేప్‌రికార్డరు, పెనిన్సులా షాపింగ్ సెంటర్‌లో కెమెరా కొనుక్కుని కానీ విమానం ఎక్కేవారు కాదు. సింగపూరు కెమెరాలు అమ్మే ఊరని మనందరికీ తెలుసు. కెమెరాలు తయారుచేసిన ఊరు కూడా అని చాలామందికి తెలియదు. ఈ రోజు ఆ కెమెరా గురించి చెప్పడానికే వచ్చాను. దాని పేరు రోలై 35.

జర్మనీ నుంచి సింగపూరుకి

రోలై జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ అనే ఊళ్ళో 1920లో మొదలైన కంపెనీ. పైనుంచి తల వంచి చూసే రెండు కళ్ళ కెమెరా రోలైఫ్లెక్స్ వాళ్ళదే. మన ఊళ్ళలో పెళ్ళి ఫోటోగ్రాఫర్ల మెడలో వేలాడింది ఆ జాతి కెమెరాయే. 1960లలో హైంజ్ వాస్కె అనే ఇంజనీరు వేరే కంపెనీలో పనిచేస్తూ, మామూలు 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ పట్టే అతి చిన్న కెమెరాను సొంత వేళల్లో తయారుచేసుకున్నాడు. ఆ కంపెనీ యజమాని కెమెరాల వ్యాపారమే మానుకుంటున్నానన్నాడు. వాస్కె తన నమూనా జేబులో వేసుకుని రోలైలో చేరాడు. అక్కడ పెద్దల కంటపడిన ఆ నమూనాయే 1966లో కొలోన్ నగరంలో జరిగిన ఫోటోకినా ప్రదర్శనలో రోలై 35గా వెలుగు చూసింది. పది సెంటీమీటర్లకు కాస్త తక్కువ పొడవు, ఆరు సెంటీమీటర్ల ఎత్తు. చొక్కా జేబులో పడుతుంది. అయితే లోహపు ఒళ్ళు కనుక జేబు కాస్త కిందికి లాగుతుంది.

ఇక్కడ సింగపూరు కథలోకి వస్తుంది. 1965లో మలేసియా నుంచి విడిపోయిన ఆ చిన్న దేశానికి అప్పట్లో ఉద్యోగాలే పెద్ద సమస్య. బ్రిటిష్ సైన్యం స్థావరాలు ఖాళీ చేస్తోంది. వాటి మీద బతికే వేలమందికి పని చూపించాలి. అటు జర్మనీలో జీతాలు పెరిగి, జపాను కెమెరాల పోటీకి తట్టుకోలేక రోలై చౌకగా తయారుచేసే చోటు వెతుక్కుంటోంది. ఇద్దరి అవసరమూ కలిసింది. 1970ల ఆరంభంలో రోలై తన తయారీని సింగపూరుకు తెచ్చింది. చేతిలో వృత్తి లేని కుర్రవాళ్ళకు సూక్ష్మయంత్రాల పని నేర్పడానికి ప్రభుత్వంతో కలిసి శిక్షణ కేంద్రం కూడా పెట్టింది. మనం గర్వపడే విషయం ఒకటుంది. విదేశీ కంపెనీలతో కలిసి సింగపూరు ప్రభుత్వం పెట్టిన అలాంటి కేంద్రాల్లో రోలై కంటే ముందు, 1972లో, వచ్చింది మన టాటా వారిది.

1981లో రోలై దివాలా తీసింది, సింగపూరు కర్మాగారం మూతపడింది. ఆ రోజు వేలమంది ఇంటిదారి పట్టారు. కానీ వాళ్ళు నేర్చుకున్న పని వాళ్ళ వేళ్ళలోనే ఉండిపోయింది. అప్పుడు ఇరవై ఏళ్ళవాళ్ళు ఇప్పుడు అరవై దాటినవాళ్ళు. రోలై 35 కుటుంబం మొత్తం మీద ఇరవై లక్షల దాకా తయారైందంటారు. అందులో పెద్ద భాగం మా ఊరి పంటే.

ఇప్పటికీ పాత కెమెరాల బజారులో జర్మనీలో చేసినదానికి ఒక ధర, సింగపూరులో చేసినదానికి అంతకంటే తక్కువ ధర. నేను రెండూ విప్పాను. లోపల అవే పళ్ళచక్రాలు, అదే పొందిక. పుట్టిన ఊరు చూసి పనితనానికి వెలకట్టే అలవాటు మనుషుల విషయంలో ఎలా ఉంటుందో పరాయి దేశాలకొచ్చిన మనకు ఎవరూ చెప్పనక్కరలేదు.

విప్పితే ఏముంటుంది

ఈ కెమెరా చూడటానికి వింతగా ఉంటుంది. అందరూ కుడిచేత్తో తిప్పే రీలు మీట దీనికి ఎడమచేతి వైపు. ఫ్లాష్ పెట్టే చోటు నెత్తిమీద కాక అడుగున. లెన్సు వాడనప్పుడు గొట్టంతో సహా లోపలికి వెళ్ళిపోతుంది. అయితే ముందు రీలు తిప్పి షట్టర్ ఎక్కించాలి, ఆ తర్వాతే లెన్సు లోపలికి పోతుంది. ఆ సంగతి తెలియక బలవంతాన తోసి విరగ్గొట్టిన కెమెరాలు నా దగ్గరికి చాలానే వచ్చాయి. షట్టర్ రేకులు గొట్టంతోపాటు కదులుతాయి, వాటిని నడిపే చక్రాలు మాత్రం ఒంట్లోనే ఉంటాయి. ఇంత చిన్న పెట్టెలో ఆ రెండింటినీ విడదీసి మళ్ళీ కలిపిన ఆలోచనే వాస్కె గొప్పతనం.

విప్పే పద్ధతి గురించి రెండు మాటలు. తీసిన మరలు తీసిన వరుసలోనే పెట్టుకోవాలి. పుస్తకాల్లో ఏవో ట్రేలు చెబుతారు. నాకు మా ఆవిడ పూత పోయిన గుంతపొంగణాల పెనం దానం చేసింది. మొదటి గుంటలో మొదటి మర, రెండో గుంటలో రెండోది. బిగించేటప్పుడు వెనకనుంచి మొదలుపెడితే చాలు. ప్రతి మెట్టులోనూ ఫోన్‌తో ఒక ఫోటో తీసుకోవాలి. స్క్రూడ్రైవర్ మర తలకు సరిగ్గా సరిపోవాలి. జపాను కెమెరాల మరలకు జపాను కొలత స్క్రూడ్రైవరే కావాలి, లేకపోతే తల అరిగి మర ఊడిరాదు.

అన్నిటికంటే ఎక్కువగా వచ్చే జబ్బు ఏమిటంటే షట్టర్ నెమ్మదించడం. నలభై, యాభై ఏళ్ళ కిందట వేసిన నూనె బంకగా మారి ఉంటుంది. చాలామంది ఒక చుక్క కుట్టుమిషన్ నూనె వేస్తే సరిపోతుందనుకుంటారు. దయచేసి ఆ పని చేయకండి. షట్టర్ రేకులు పొడిగానే ఆడాలి. సిగరెట్ లైటర్లో పోసే ద్రవంతో పాత నూనెను కడిగేయాలి. అది తొందరగా మండుతుంది కనుక కిటికీలు తెరిచి, పొయ్యికి దూరంగా కూర్చోవాలి. కడిగాక వేగం సరిగ్గా ఉందా అని చూడటానికి ఈ రోజుల్లో ఖరీదైన యంత్రం అక్కర్లేదు. ఫోన్‌లో సెకనుకు 240 చిత్రాలు తీసే వీడియో పెట్టండి. అర సెకను వేగంలో షట్టర్ దాదాపు 120 చిత్రాల్లో తెరుచుకుని కనిపించాలి. లెక్కపెట్టుకోవడమే.

బ్యాటరీ సంగతి ఇంకా సరదాగా ఉంటుంది. వెలుతురు కొలిచే మీటరుకు అప్పట్లో 1.35 వోల్టుల పాదరసం బ్యాటరీ వేసేవారు. పాదరసం విషం కనుక అవి బజారులోంచి పోయాయి. మామూలు 1.5 వోల్టుల బ్యాటరీ వేస్తే మీటరు లెక్క తప్పుతుంది. దానికి దగ్గరగా 1.4 వోల్టులు ఇచ్చేది వినికిడి యంత్రంలో వేసే జింక్ బ్యాటరీ. చుట్టూ చిన్న రింగు పెడితే సరిపోతుంది. మా ఇంటికొచ్చిన పెద్దాయన ఒకరు నా బల్ల మీద ఆ బ్యాటరీలు చూసి, “ఇంత చిన్న వయసులోనే చెవుడొచ్చిందా బాబూ?” అని పరామర్శించారు.

బూజు

సింగపూరు భూమధ్యరేఖకు ఆనుకుని ఉంది. ఏడాది పొడుగునా గాలిలో తేమ సగటున ఎనభై శాతం దాటి ఉంటుంది. మనకు ఆవకాయ జాడీ మీద బూజు తెలుసు. అక్కడ లెన్సు మీద బూజు పడుతుంది. అద్దం లోపల సాలెగూడులా తీగలు పాకుతాయి. అలా వదిలేస్తే అద్దం మీది పూతను తినేస్తుంది, ఆ మచ్చ ఇక పోదు. తొందరగా చూసుకుంటే తుడిచి కాపాడవచ్చు.

తోలు సంచీలో పెట్టి, ఆ సంచీని అల్మరాలో పెట్టి తాళం వేస్తే భద్రం అనుకుంటాం. బూజుకు అంతకంటే మంచి ఇల్లు లేదు. తోలు తేమను పీల్చుకుంటుంది, చీకటి తోడవుతుంది. కెమెరాకు వెలుతురు, గాలి, పని కావాలి. మా ఊళ్ళో కెమెరాలున్న ఇళ్ళలో తేమను నలభై, యాభై శాతం మధ్య ఉంచే చిన్న బీరువా ఒకటి ఉంటుంది. అది కొనలేనివాళ్ళు గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టుకోవచ్చు.

ఒక ఎడమ బొటనవేలు

కొన్నేళ్ళ కిందట మా తెలుగువాళ్ళ ఉగాది వేడుకలో ఒకావిడ చేతిరుమాలులో చుట్టిన కెమెరా ఒకటి నాకిచ్చింది. నల్లరంగు రోలై 35, సింగపూరులో చేసినదే. వాళ్ళ నాన్నగారు 1970లలో ఓడల రేవులో పనికి వచ్చి, జీతంలో మిగిల్చి కొనుక్కున్నారట. ఆయన పోయి అప్పటికి రెండేళ్ళు.

“అన్నయ్యగారూ, నాన్న మా అందరి ఫోటోలూ తీశారు. కెమెరా ఎప్పుడూ ఆయన చేతిలోనే ఉండేది కనుక ఆయన మాత్రం ఎందులోనూ లేరు. కనీసం ఇదైనా పనిచేస్తే బాగుండును” అంది.

లెన్సు బయటికీ రాదు, లోపలికీ పోదు. బ్యాటరీ కారి పచ్చగా చిలుము పట్టింది. ముందు అద్దం వెనక బూజు. ఆరు ఆదివారాలు పట్టింది. చిలుమును వెనిగర్ అద్దిన దూదిపుల్లతో తీశాను. మీటరుకు వెళ్ళే తీగ తిని పోయింది, కొత్తది అతికించాను. విడిభాగాలు ఇప్పుడెవరూ తయారుచేయరు. చచ్చిన కెమెరా బతికే కెమెరాకు అవయవదానం చేయవలసిందే. ఒకప్పుడు అలాంటి చచ్చిన కెమెరాలు సుంగై రోడ్ పాతసామాన్ల సంతలో దొరికేవి. 2017 జులైలో ఆ సంత కూడా మూసేశారు. అక్కడ కొన్నదొకటి నా దగ్గర మిగిలి ఉంటే దాన్నుంచి ఒక చిన్న చక్రం తీసి వేశాను.

ఆ పాత కెమెరా పైరేకు నిగనిగలాడుతూ కొత్తదానిలా ఉంది. ఆవిడ తెచ్చినదానికి మాత్రం రీలు మీట పక్కన రంగు అరిగి లోపలి లోహం తేలింది. సరిగ్గా ఎడమ బొటనవేలు ఆనే చోటు. రేకు మారిస్తే కెమెరా చూడముచ్చటగా ఉండేది. మార్చలేదు. ముప్పై ఏళ్ళు ఒక మనిషి వేలు ఒకేచోట ఆనితే పడిన గుర్తు అది. ఆయన ఫోటో లేని ఇంట్లో ఆయన ఉన్నాడనడానికి అంతకంటే సాక్ష్యం ఏముంది? బాగుచేయడమంటే కొత్తదాన్ని చేయడం కాదని, మళ్ళీ పనిలో పెట్టడమని నాకు ఆ కెమెరా దగ్గరే తేటతెల్లమైంది.

ఆవిడ దాన్ని షోకేసులో పెడతానంది. వద్దన్నాను. పద్నాలుగేళ్ళ కొడుకు చేతికిమ్మన్నాను. ఈ కెమెరాలో దూరం మనమే అంచనా కట్టి లెన్సు తిప్పుకోవాలి. మొదటి రీలులో కుర్రాడు తీసినవి సగం మసకబారాయి. రెండో రీలుకు వాడే ఒక ఉపాయం కనిపెట్టాడు. మనిషి దగ్గరనుంచి వెనక్కి అడుగులు లెక్కపెడుతూ నడిచి, అప్పుడు తీశాడు. టెక్కా మార్కెట్‌లో కరివేపాకు బేరమాడుతున్న వాళ్ళమ్మ ఫోటో చూశాను. ప్రతి ఆకూ కనిపిస్తోంది. వాడి ఎడమ బొటనవేలు తాతగారి గుర్తు మీదే ఆనుతుంది. ఆ సంగతి వాడికి ఎవరూ చెప్పలేదు, చెప్పనక్కరలేదు కూడా.

మీ ఇంటి అల్మరాలో

మీలో ఎంతమంది ఇళ్ళలో పాత కెమెరాలున్నాయో నేను ఊహించగలను. బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ 3 ఉండవచ్చు. ఎండకొక గుర్తు, మబ్బుకొక గుర్తు, రీలుకు పన్నెండు ఫోటోలు. ఊటీ ఫ్యాక్టరీ వారి ఇందు ఫిల్మ్ వేసి మన చిన్నప్పటి ఫోటోలు తీసింది అదే. అమెరికా వచ్చిన కొత్తలో కొన్న జపాను కెమెరా ఉండవచ్చు. ఇంటికి వెళ్ళాక నాలుగు పనులు చేయండి.

ఒకటి, లోపల ఫిల్మ్ లేదని రీలు చుట్టే మీట తిప్పి తేల్చుకుని, పాత బ్యాటరీ తీసేయండి. రెండు, తోలు సంచీలోంచి కెమెరాను బయటపెట్టండి. మూడు, నెలకొకసారి షట్టర్‌ను అన్ని వేగాల్లోనూ నొక్కండి. కదిలితేనే నూనె బంకకట్టదు. నాలుగు, ఏసీ గదిలోంచి ఉక్కపోతలోకి వెళ్ళేటప్పుడు కెమెరాను ప్లాస్టిక్ సంచీలో మూసి, బయటి వేడికి అలవాటయ్యాక తీయండి. ఒక హెచ్చరిక కూడా. ఒంట్లోనే ఫ్లాష్ ఉన్న కెమెరాను తెలియకుండా విప్పకండి. బ్యాటరీ తీసినా దాని లోపల వందల వోల్టుల విద్యుత్తు నిలవ ఉంటుంది.

మనం దేశాలు దాటి వచ్చేటప్పుడు పెట్టెలో కొన్ని వస్తువులు, నోట్లో ఒక భాష తెచ్చుకున్నాం. రెండింటినీ భద్రంగా దాచుకోవాలని అనుకుంటాం. దాచినది బూజు పడుతుంది, వాడినది అరుగుతుంది. నన్నడిగితే అరగడమే మేలు. రోలై కంపెనీ సింగపూరు కర్మాగారం మూసి నలభై ఏళ్ళు దాటింది. అక్కడివాళ్ళు బిగించిన మరలు ఇంకా వదులు కాలేదు. వాటితో పని చేయించుకునే పిల్లలు మన ఇళ్ళలోనే ఉన్నారు. ఈ సభల్లోనే మీ పెద్దవాళ్ళ ఫోటో ఒకటి తీయండి. ఆ తర్వాత కెమెరా పిల్లల చేతికిచ్చి, మీరు వెళ్ళి వాళ్ళ పక్కన నిలబడండి.