కనబడని రాకపోకలు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



ఈ సభలో భారతమును గూర్చియో, భాగవతమును గూర్చియో నాలుగు మాటలు చెప్పుమని మిత్రులు నన్ను కోరిరి. నేను ఏ కళాశాలలోను చదివినవాడను కాను. మా తండ్రిగారు ఈ గ్రామమున కరణీకము చేసిరి. 1984లో ఆ పదవులు రద్దయిన పిమ్మట మా ఇంట మిగిలినవి రెండే: లెక్క వ్రాయు అలవాటు, అటకమీది పాత పుస్తకములు. ఆ రెంటితోనే నేను ఊరి సహకార సంఘమునకును, ఈ గ్రంథాలయమునకును చిట్టా ఆవర్జాలు వ్రాయుచు వచ్చితిని. కావున నేడును లెక్కను గూర్చియే మాటలాడెదను. ఇది ధాన్యపు లెక్క కాదు. మన పిల్లలాడుకొను కంప్యూటరు ఆటలు మనకు తెలియకుండ బయటి లోకముతో నడపు రాకపోకల లెక్క. ఇందులో నా తప్పు కూడ ఒకటి కలదు. దానిని దాచి ఈ ప్రసంగము చేయుట న్యాయము కాదు.

2012వ సంవత్సరమున మన గ్రంథాలయమునకు ఒక కంప్యూటరును, టెలిఫోను తీగపై ఇంటర్నెట్టును వచ్చిన సంగతి పెద్దలకు జ్ఞాపకముండును. ఆనాడు మనము తీసికొన్న పద్ధతిలో నెలకింతయని పరిమితి. అది దాటినచో అదనపు రుసుము. లోనికి వచ్చినదియు బయటికి పోయినదియు రెండును లెక్కలోనివే. ఒక నెల అయిదారు వందలకు మారుగా రెండువేల పైచిలుకు బిల్లు వచ్చినది. పదవ తరగతి చదువుచున్న ఒక బాలుడు సాయంకాలములందు ఆ యంత్రముపై ఒక ఆట ఆడుచుండెడివాడు. వాడు సినిమాలు దింపుకొనుచున్నాడని కొందరనిరి. కోశాధికారినైన నేనే లేచి, వానిని గ్రంథాలయములోనికి రానీయవలదని తీర్మానము ప్రవేశపెట్టితిని. “నేను దింపలేదండీ” అని వాడు ఒక్క మాట అనెను. సాక్ష్యమేదియని వాడు నన్నడుగలేదు. నన్ను నేనును అడుగుకొనలేదు. రసీదు లేనిదే రూపాయి ఖర్చు వ్రాయని నేను, ఏ ఆధారమును లేక ఒక పసివాని పేర దోషము వ్రాసితిని.

మరునెల వాడు ఈ గడప త్రొక్కలేదు. బిల్లు మాత్రము తగ్గలేదు.

అప్పుడు సంక్రాంతి సెలవులకు వచ్చిన మన ఊరి యువకుడొకడు, ఇంజనీరింగు చదువుచున్నవాడు, “బాబాయిగారూ, మనుష్యులను కాదు, యంత్రమునే అడుగుదము” అని నన్ను దాని యెదుట కూర్చుండబెట్టెను. అతడు చెప్పినదానిని నాకు తెలిసిన మాటలలో చెప్పెదను.

కంప్యూటరును ఒక కోటగా భావింపుడు. దానికి 65,536 ద్వారములు, ఒక్కొక్కదానికి ఒక్కొక్క సంఖ్య. వీనిని పోర్టులందురు. లోపలనున్న ఏ ప్రోగ్రామైనను ఒక ద్వారము తెరచి దూరదేశమందలి మరియొక యంత్రముతో మాటలాడగలదు. ఏ ద్వారము నుండి ఎవరు ఎవరితో మాటలాడుచున్నారో ఆ యంత్రమే జాబితా ఉంచుకొనును. నెట్‌స్టాట్ అను ఆజ్ఞ ఇచ్చినచో ఆ జాబితా తెరపైకి వచ్చును. తగిన రీతిగ అడిగినచో అందులో అయిదు గళ్ళుండును: మాటలాడు పద్ధతి, మన ద్వారము, అవతలివారి చిరునామా, సంబంధము ఏ స్థితిలోనున్నది, దానిని నడపు ప్రోగ్రాము సంఖ్య. దానిని చూడగానే నాకు ధైర్యము కలిగినది. అదియును ఒక చిట్టాయే గదా!

అయితే తొందరపాటు నన్ను వెంటనే విడువలేదు. 127.0.0.1 అను చిరునామా పలుమార్లు కనబడగా, “ఇడుగో దొంగ!” అని కేక వేసితిని. ఆ యువకుడు నవ్వి, “అది మన యంత్రము తనతో తాను మాటలాడుకొను చిరునామా బాబాయిగారూ” అనెను. రెండవ పర్యాయము కూడ నేను నిరపరాధినే పట్టితిని!

పిమ్మట అతడు రిసోర్స్ మానిటర్ అను పట్టికను తెరచెను. అందు ఏ ప్రోగ్రాము ఎంత పంపుచున్నది, ఎంత పుచ్చుకొనుచున్నది యను అంకెలు కదలుచుండును. మేము ఆటను మూసివేసితిమి, తక్కినవన్నియు మూసివేసితిమి. యంత్రమును ఎవరును తాకలేదు. అయినను ఒక వరుసలో పంపిన మొత్తము పెరుగుచునే యున్నది. ఆ పేరు ఆటది కాదు. ఆటను దింపుటకై దానితోపాటు వచ్చిన సహాయక ప్రోగ్రాముది. తన పని ముగిసినను అది పోలేదు. యంత్రము తెరచిన ప్రతిసారియు తానును మేల్కొని, మన యొద్దనున్న ఆట భాగములను దూరముననున్న ఇతర ఆటగాండ్రకు పంచిపెట్టుచున్నది. ఆట తయారుచేసినవారికి పంపిణీ ఖర్చు తగ్గినది. ఆ ఖర్చు మన గ్రంథాలయపు పద్దులో పడినది.

ఇట్లు ఒకరి యొద్ద నున్నది ఒకరు పంచుకొను పద్ధతి బిట్‌టొరెంట్ అను పేర 2001 నుండియు నున్నది. పద్ధతియందు దోషము లేదు. చెప్పి చేసినచో అది సహకారమే. సభ్యునికి తెలియకుండ వాని కొట్టులోని ధాన్యమును పంచిన సంఘమును సహకార సంఘమందుమా? ఆ ప్రోగ్రామును తొలగించితిమి. మరునెల బిల్లు యథాస్థితికి వచ్చినది.

ఆ బిల్లు చేతబట్టుకొని నేను ఆ బాలుని ఇంటికి పోయి, వాని తండ్రి యెదుట క్షమాపణ చెప్పుకొంటిని. “పోనీండి కరణంగారూ, పిల్లవాడే గదా” అని ఆయన అనెను. పిల్లవాడు ఏమియు అనలేదు. పరీక్షల సంవత్సరమున వానికి రెండు నెలల చదువుగది పోయినది. దానిని నేను ఏ పద్దున జమకట్టగలను?

ఇది మన పల్లెకే జరిగినదనుకొనరాదు. కౌంటర్-స్ట్రైక్ ఆటకు పోటీలు నడపు ఈ.ఎస్.ఇ.ఎ. అను అమెరికా సంస్థ, ఆటలో మోసగాండ్రను పట్టుటకని ఆటగాండ్రచేత ఒక ప్రోగ్రాము పెట్టించెడిది. 2013 ఏప్రిలులో ఆ ప్రోగ్రామే ఆటగాండ్ర యంత్రములతో రహస్యముగ బిట్‌కాయిన్ నాణెములు సంపాదించినది. యంత్రములు అకారణముగ శ్రమపడుట గమనించి ఆటగాండ్రే దానిని బయటపెట్టిరి. అది ఒక ఉద్యోగి చేసిన పనియని సంస్థ చెప్పుకొనెను. సుమారు 14,000 కంప్యూటర్లు ఇట్లు వాడబడినవని న్యూజెర్సీ రాష్ట్ర ప్రభుత్వము తేల్చగా, అదే సంవత్సరము నవంబరులో పది లక్షల డాలర్ల ఒప్పందముతో వ్యవహారము ముగిసినది. దొంగను పట్టుటకు పెట్టిన కావలివాడే కన్నము వేసెనన్నమాట.

2018లో రెడ్ షెల్ అను మరియొకటి వెలుగులోనికి వచ్చినది. ఏ ప్రకటన చూచి ఎవరు ఆటను కొనిరో తెలిసికొనుటకై అది ఆటగాని యంత్రపు గుర్తులను సేకరించి పంపుచుండెడిది. ఆటగాండ్రు ఏయే ఆటలయందు అది కలదో జాబితాలు వ్రాసి ప్రశ్నింపగా, సివిలైజేషన్ 6, ఎల్డర్ స్క్రోల్స్ ఆన్‌లైన్ మొదలగు ఆటలవారు దానిని తీసివేసిరి. ఈ రెండు సందర్భములయందును ముందుగా లెక్క చూచినవారు అధికారులు కారు, సామాన్యులైన ఆటగాండ్రు.

రామాయణమున లంకిణి పురద్వారమున నిలిచి లోనికి వచ్చు హనుమంతుని అడ్డగించినది. కంప్యూటరులోని కావలి, ఫైర్‌వాల్ అనబడునది, విండోస్ యంత్రములలో సాధారణముగ ఇట్టిదే. పిలువక లోనికి వచ్చువారిని ఆపును. బయటికి పోవువారిని, మనము ప్రత్యేకించి చెప్పిననే తప్ప, అడుగదు. లోపల చేరినది బయటికి ఏమి మోసికొనిపోవుచున్నదో చూడవలసినవారము మనమే. అర్థశాస్త్రమున కౌటిల్యుడు రాజధనమును అపహరించు మార్గములను నలుబదిగా లెక్కించెను. ఈనాడాయన యుండినచో ఆ సంఖ్యను పెంచవలసివచ్చెడిది.

అట్లని ప్రతి చిరునామాను శంకింపవలదు. పలువురు కలిసి ఆడు ఆట తన కేంద్రముతో మాటలాడక నడవదు. ఆటగానిని గుర్తించుటకు, మార్పులు తెచ్చుకొనుటకు, లోపములు తెలుపుటకు వేర్వేరు చిరునామాలు అవసరమగును. మరియు ఈ జాబితా సమగ్రము కాదు. వేగము కోరు ఆటలు తరచుగ వాడు యు.డి.పి. పద్ధతిలో అవతలివారి చిరునామా నెట్‌స్టాట్ జాబితాలో కనబడదు. దానికి వైర్‌షార్క్ వంటి సూక్ష్మ పరిశీలన సాధనములు కావలెను. వానితో చూచినను నేడు చాలవరకు సందేశములు ముద్రవేసిన కవర్లవంటివి. పైనున్న చిరునామాయు బరువును తెలియును గాని లోపలి వ్రాత తెలియదు. కావున తెలిసినంతనే వ్రాయవలెను, తెలియనిచోట ఖాళీ విడువవలెను. అదియే లెక్క వ్రాయువాని ధర్మము.

నేడు ఆట ఫోనులోనికి వచ్చినది. ఆండ్రాయిడ్ ఫోను సెట్టింగులలో ఏ యాప్ ఎంత డేటా వాడినది, తెరపై లేనప్పుడు ఎంత వాడినది వేర్వేరుగ చూపును. ఐఫోనులలో 2021 చివరనుండి ఏ యాప్ ఏ చిరునామాలతో మాటలాడినదో తెలుపు నివేదిక కలదు. నెలకొకసారి పిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొని చూడుడు. ఫోను లాగికొనుట కంటె ఇది మేలు. 2023లో పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 18 ఏండ్లలోపువారి సమాచారమునకు తలిదండ్రుల సమ్మతి కావలెననుచున్నది. చూడక “అంగీకరించితిని” అని నొక్కిన వేలు మనదే యైనచో చట్టము మాత్రమేమి చేయగలదు?

ఈ శుభదినమున కార్యవర్గమునకు రెండు మనవులు. మన కంప్యూటరులో ఏ క్రొత్త ఆట పెట్టినను, పెట్టుటకు ముందును పిదపను దాని రాకపోకలను ఒక పుస్తకమున వ్రాయింపుడు. వ్రాయు పని పిల్లలకే అప్పగింపుడు. రెండవది, సాక్ష్యము చూడనిదే ఏ చదువరిని ఈ గడప దాటింపరాదని మన నిబంధనలలో చేర్పుడు. ఆనాడు తీర్మానము ప్రవేశపెట్టినవాడను నేనే గనుక, దీనిని ప్రతిపాదించు బాధ్యతయు నాదే.

గ్రంథాలయము ఎవరినైనను లోనికి రానిచ్చు ఇల్లు. ఆ ద్వారము పిల్లలకు ఎన్నడును మూయబడకుండుగాక యని కోరుచు, మీ యందరి వద్ద సెలవు తీసికొనుచున్నాను.