కేకను ఆపవద్దు

నేటి ధ్యానానికి మార్కు సువార్త 10వ అధ్యాయం, 46 నుండి 52 వచనాలు.

యెరికో త్రోవప్రక్కన కూర్చున్న గ్రుడ్డివాడు బర్తిమయి. యేసు వెళ్తున్నాడని విని కేకలు వేశాడు. ఊరకుండుమని అతణ్ణి గద్దించినది ఎవరు? శత్రువులు కాదు, ప్రభువు చుట్టూ ఉన్న జనమే!

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక, మా గుడి ఆవరణలో వేపచెట్టు క్రింద ఒక తల్లి కనబడింది. ఒడిలో నడవలేని కుమారుడు. "లోపలికి రాలేదేమమ్మా?" అన్నాను. "వీడు మధ్యలో అరుస్తాడు అయ్యగారూ, అందరికీ ఇబ్బంది. మైకు వినబడుతోంది కదండీ" అంది. ఆ మాట నా గుండెలో ముల్లులా గుచ్చుకుంది. ఎన్ని వారాలుగా ఆమె అక్కడ కూర్చుంటోందో కాపరినైన నాకు తెలియదు.

అప్పుడు నాకు పండిత రమాబాయి జ్ఞాపకం వచ్చారు. 1858లో పుట్టిన ఆమె 1870ల కరువు రోజుల్లో తల్లిదండ్రులను, అక్కను పోగొట్టుకున్నారు. 1882లో భర్త కూడా చనిపోయాడు. చేతిలో పసిబిడ్డ. ఆ సంవత్సరమే హంటర్ విద్యా కమిషన్ ఎదుట నిలిచి, స్త్రీలకు ఉపాధ్యాయినులు, వైద్యురాళ్లు కావాలని సాక్ష్యమిచ్చారు. 1883లో ఇంగ్లండులో బాప్తిస్మం పొందారు. 1889లో బొంబాయిలో శారదా సదన్ అనే పాఠశాల తెరిచారు.

ఆమె అక్కడితో ఆగలేదు. 1896లో మొదలైన కరువులో మధ్య పరగణాలకు వెళ్లి, దిక్కులేని బాలికలను తీసుకొచ్చారు. పూణె దగ్గర కేడ్‌గావ్‌లో ముక్తి మిషన్ వెలిసింది. వితంతువులు, అనాథలు, వృద్ధులు, సమాజం వెలివేసిన స్త్రీలు, అందరికీ అక్కడ చోటు దొరికింది. చదువుతోపాటు చేతిపనులు నేర్పారు. అంధులకు ప్రత్యేకంగా ఒక గృహం ఉండేది. దాని పేరు ఏమిటో తెలుసా? బార్తిమీ సదన్! ఆమె కుమార్తె మనోరమ అక్కడ బ్రెయిలీ చదువు నేర్పారు. లోకం ఊరకుండుమన్నవారి చేతికి ఆ తల్లీకూతుళ్లు పుస్తకం అందించారు.

ప్రియులారా, బర్తిమయి కేక విని యేసు నిలిచాడు. తానే అతని దగ్గరకు వెళ్లవచ్చు గాని, అతణ్ణి పిలువుమని జనానికే చెప్పాడు. గద్దించిన నోళ్లతోనే ధైర్యం చెప్పించాడు. అది మనకు కూడా నిరీక్షణ కాదా?

మీ గుడి మెట్లు ఎవరిని బయట నిలుపుతున్నాయి? మీ సండేస్కూలులో చూపులేని బిడ్డకు, వినలేని బిడ్డకు పాఠం ఎవరు చెబుతున్నారు? జాలిపడి కానుక ఇవ్వడం సులభం. ప్రక్కన చోటు ఇవ్వడమే కష్టం.

మా యౌవనస్థులు మెట్ల ప్రక్కన సిమెంటు వాలుబాట కట్టారు. ఆ తల్లి ఇప్పుడు మూడవ వరుసలో కూర్చుంటుంది. బాబు ఇంకా అరుస్తాడు. నేను ఒక్క క్షణం ఆగి, ప్రసంగం కొనసాగిస్తాను. ఆ కేక కూడా ప్రార్థనేనని సంఘమంతా నేర్చుకుంటోంది.

ప్రభువు మన చెవులు తెరచునుగాక. ఆమేన్.