పేరు అదే, చిరునామా వేరు
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కంప్యూటరు గురించి మాట్లాడడానికి నేను ఇంజనీరును కాను. ముప్ఫయ్యేళ్లకు పైగా టపా రిజిస్టర్లు రాసిన గుమాస్తాను. అయితే ఇటీవల నా వల్ల మన సభ్యులొకరికి కష్టం కలిగింది. అది ఎలా జరిగిందో మీ ముందు చెప్పుకోవడం నా విధి అనుకుంటున్నాను.

కరెక్షన్ స్లిప్పు అంటే ఏమిటో మనలో తెలియని వారుండరు. మాన్యువల్లో రూలు మారితే చిన్న కాగితం ఆ పేజీలో అతికించేవాళ్లం. ఆపై అచ్చులో ఉన్నది కాదు, స్లిప్పులో ఉన్నదే చెల్లుబాటు. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చినప్పుడు, ఏ ఊరి కాగితం ఏ ఆఫీసుకు పంపాలో రాసిన జాబితా నా బల్ల అద్దం కింద ఉండేది. మొన్న 2022 ఏప్రిల్ 4న పలాస రెవెన్యూ డివిజను ఏర్పడి, అంతవరకు టెక్కలి డివిజనులో ఉన్న కవిటి, సోంపేట, మందస వంటి మండలాలు అందులో చేరాయి. ఊరి పేరు మారలేదు, కాగితం చేరవలసిన చోటు మారింది. పాత జాబితా చూసే గుమాస్తా మాత్రం ఇంకా టెక్కలికే పంపుతాడు.

ఇంటర్నెట్టులోనూ ఇదే వరస. మనం టైపు చేసేది పేరు, యంత్రానికి కావలసింది అంకెల చిరునామా. 1970లలో ఆ పేర్లు, అంకెలు అన్నీ ఒకే జాబితాలో ఉండేవి. కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్ రీసెర్చి ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిజబెత్ ఫైన్లర్ గారి బృందం దానిని నిర్వహించేది. మిగతా కేంద్రాల వారు నకలు తెచ్చుకునేవారు. యంత్రాలు పెరిగి ఆ పద్ధతి సాగక, 1983లో పాల్ మొకాపెట్రిస్ గారు డి.ఎన్.ఎస్. అనే ఏర్పాటును రూపొందించారు. అయినా ఆ పాత జాబితా గుర్తుగా 'హోస్ట్స్' అనే చిన్న ఫైలు నేటికీ మన కంప్యూటర్లలో ఉంది. సాధారణంగా కంప్యూటరు ముందు దానినే చూస్తుంది, అందులో లేకపోతేనే బయట అడుగుతుంది. అంటే అది మన కరెక్షన్ స్లిప్పే.

ఇక జరిగిన సంగతి. మన సంఘం వెబ్‌సైటును కొత్త సర్వరుకు మార్చాలనుకున్నాము. వెబ్‌సైట్లు తయారుచేసే మా మనవడు, అందరికీ చూపే ముందు నేను సరిచూడాలని, నా కంప్యూటరులోని హోస్ట్స్ ఫైలులో ఒక వరస రాశాడు. మీకందరికీ ఆ పేరు పాత సర్వరుకే వెళ్తుంది, నాకొక్కడికే కొత్తదానికి. చూసి బాగుందన్నాను. తరువాత ఆ ఆలోచన విరమించి పాత సర్వరునే కొనసాగించాము. ఆ వరస మాత్రం నా దగ్గర ఉండిపోయింది.

పరీక్ష పేజీలో లైఫ్ సర్టిఫికెట్ల శిబిరం మంగళవారమని ఉంది. అసలు సైటులో దానిని గురువారానికి మార్చారు. కవిటి వైపు మిత్రులొకరు ఫోన్ చేసి, "గురువారమంటున్నారు, నిజమేనా?" అని అడిగారు. "నేను కళ్లతో చూస్తున్నాను, మంగళవారమే" అని వాదించి మరీ చెప్పాను. వారు డయాలిసిస్ మీద ఉన్న మనిషి. ఉద్దానంలో ఆ మాటకు అర్థం నేను వివరించనక్కరలేదు. ఆ మంగళవారం ఓపిక చేసుకుని బస్సెక్కి పలాస వచ్చి, తాళం వేసిన తలుపు చూసి వెనుదిరిగారు. గురువారం వారికి ఆసుపత్రి. చివరికి కార్యవర్గ సభ్యులు వారి ఇంటికే వెళ్లి పని పూర్తి చేయించారు.

నా ఫోనులో చూస్తే గురువారం, కంప్యూటరులో చూస్తే మంగళవారం! మనవడికి చెబితే, "అయ్యో తాతా, ఆ వరస తీసీడం మర్చిపోనాను" అన్నాడు. మరచిపోవడం వాడి తప్పు. ఇంకొకరిని అడగకుండా వాదించడం నాది.

మరి పరీక్షలు చేయకూడదా? చేయవచ్చు. అందుకు బ్రౌజరులోనే సదుపాయం ఉందని వాడు చూపించాడు. క్రోమ్‌ను తెరిచేటప్పుడే 'హోస్ట్ రిజాల్వర్ రూల్స్' అనే ఆదేశమిచ్చి, ఫలానా పేరును ఫలానా అంకెలకు పంపమని చెప్పవచ్చు. విడి ప్రొఫైలులో తెరిస్తే ఆ మార్పు ఆ బ్రౌజరుకే పరిమితం, అది మూసేస్తే మార్పూ పోతుంది. హోస్ట్స్ ఫైలు జిగురుతో అతికించిన స్లిప్పు. ఇది పుస్తకంలో పెట్టిన విడి కాగితం.

మరొక ముఖ్య విషయం. ఇదే కిటుకు మోసగాళ్లకూ తెలుసు. బ్యాంకు పేరు సరిగానే టైపు చేసినా, మన కంప్యూటరులో దొంగ వరస చేరితే దొంగ చోటికి పోతాము. అటువంటప్పుడు బ్రౌజరు సర్టిఫికెట్టును పేరుతో సరిపోల్చి, కుదరకపోతే హెచ్చరిస్తుంది. నా విషయంలో రెండు సర్వర్లూ మనవే, సర్టిఫికెట్లూ సక్రమమే కనుక హెచ్చరిక రాలేదు. మీకు వస్తే మాత్రం దయచేసి దాటి ముందుకు పోవద్దు.

ఇప్పుడు మా ఇంట్లో ఒక నోటు పుస్తకం పెట్టాను. మనవడు ఏ మార్పు చేసినా తేదీ వేసి రాస్తాడు, తీసేసిన రోజు నేను కొట్టేసి సంతకం పెడతాను. తేదీలు చెప్పేటప్పుడు మరొక ఫోనులో కూడా చూసి చెబుతున్నాను. సదరు మిత్రులు ఈ సభలోనే ఉన్నారు. వారికి అందరి ముందు క్షమాపణ చెప్పుకుంటున్నాను.