బండెక్కిన విత్తనాలు

హైదరాబాద్ విద్యానగర్‌లో మనం కొర్రలు, సామలు ప్యాకెట్లలో కొంటున్నాం. అవే గింజలు సంక్రాంతి వస్తే జహీరాబాద్ పల్లెల్లో ఎడ్లబండెక్కుతాయి. డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఏటా జరిపే పాత పంటల జాతర అది. చిన్న కమతాల రైతులు, ఎక్కువమంది దళిత మహిళలు, దాదాపు నెల్లాళ్లు ఊరూరా తిరుగుతారు.

బండి ఊళ్లోకి రాగానే డప్పులు, పాటలు. తర్వాతే అసలు పని. బుట్టల్లో జొన్న, సజ్జ, తైదలు, అనుములు. గింజకు పురుగు పట్టకుండా బూడిద, వేపాకు కలిపి బుట్ట మూతికి మట్టి అలికి ఎలా దాచాలో ముసలమ్మలే చెబుతారు. వానాధారపు చెలకలో పది పదిహేను రకాలు కలిపి చల్లితే, వాన మొహం చాటేసినా ఏదో ఒకటి చేతికొస్తుంది. విత్తనం అప్పుగా తీసుకున్నవాళ్లు పంటొచ్చాక కాస్త ఎక్కువే కలిపి తిరిగిస్తారు. బ్యాంకు వడ్డీ కన్నా ఇదే నయమని నా లెక్క!

ఈ సొసైటీకి 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది. ఈ మహిళలదే 2008లో మాచనూరులో మొదలైన సంఘం రేడియో. అది విద్యానగర్ దాకా అందదు. జాతర చూడాలంటే మాత్రం జనవరిలో జహీరాబాద్ బస్సెక్కండి, దూరం సుమారు వంద కిలోమీటర్లే.