కణం కుట్టే బొంత

చిరిగిన చీరలన్నీ దాచి బొంత కుట్టే అమ్మమ్మలు గుర్తున్నారా? మన ఒంట్లో కణం కూడా అంతే. పాడైన ప్రోటీన్లను పారేయదు. సంచిలో చుట్టి, లైసోజోమ్ అనే తిత్తిలో అరగదీసి, ఆ ముక్కలతోనే కొత్త సరుకు చేసుకుంటుంది. దీని పేరు ఆటోఫేజీ. అంటే తనను తాను తినడం. జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఒసుమి రొట్టెల ఈస్ట్‌లో దీని గుట్టు విప్పారు. 2016లో నోబెల్ అందుకున్నారు.

మంచి పనే కదా? మంచిదే. చిక్కల్లా, క్యాన్సర్ కణానికీ ఈ విద్య వచ్చు.

గ్లియోబ్లాస్టోమా అని మెదడులో ఓ మొండి కణితి. ఆపరేషన్ చేస్తారు, రేడియేషన్ ఇస్తారు, టెమోజోలోమైడ్ మాత్రలు ఇస్తారు. అయినా చాలామందిలో తిరిగొస్తుంది. మందు తగిలిన కణం దెబ్బతింటుంది, నిజమే. కానీ కొన్ని చావవు. విరిగిన భాగాలనే కరిగించి తింటూ గండం గట్టెక్కుతాయి. మందుకు లొంగకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. ఇదొక్కటే కాదు సుమా.

మరి ఆ లైసోజోమ్ తిత్తి పని ఆపేస్తే? మనకు తెలిసిన మలేరియా మాత్ర క్లోరోక్విన్‌కు ఆ గుణం ఉంది. దాని తోబుట్టువు హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను అమెరికాలో గ్లియోబ్లాస్టోమా రోగులకు చికిత్సతోపాటు ఇచ్చి చూశారు. ఆయుష్షు ఆశించినంత పెరగలేదు. మోతాదు పెంచబోతే రక్తకణాలు పడిపోయాయి. కాబట్టి ఎవరో చెప్పారని ఆ మాత్రలు కొని వేసుకోకండి. మళ్లీ చెబుతున్నా, డాక్టరును అడగకుండా వద్దు.

ఇంకో తిరకాసు. ఆటోఫేజీ మితిమీరితే కణితి కణమే చావడం ప్రయోగశాలలో చూశారు. మరి దాన్ని ఆపాలా, రెచ్చగొట్టాలా? పరిశోధకులు ఇప్పుడు తల పట్టుకున్నది అక్కడే.